రాణికి చెప్పిన మాటలు

పల్నాడు కొత్తగా జిల్లా అయిన సంవత్సరం అది. మాచర్లలో ఏ కొట్టు చూసినా బోర్డు మీద పాత జిల్లా పేరు చెరిపి కొత్త పేరు రాయిస్తున్నారు. మా డిగ్రీ కాలేజీ బోర్డు కూడా మార్చారు. పనిలో పనిగా పెయింటరు నా గది తలుపు మీదున్న "కమ్యూనికేషన్ విభాగం" చెరిపేసి "స్పోకెన్ ఇంగ్లీష్" అని రాసి పోయాడు. ఎవరు రాయమన్నారయ్యా అని అడిగితే, "రెండూ ఒకటే గదా మేడం" అన్నాడు. మా ప్రిన్సిపాల్ గారిదీ అదే అభిప్రాయం కాబట్టి పెయింటర్ని తిట్టి లాభం లేదు. అయినా తిట్టాను.

నేను బీఏ వాళ్ళకి కమ్యూనికేషన్ చెబుతాను. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, చెయ్యి ఎలా కలపాలి అని నేర్పే క్లాసు కాదది. చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యం ఎలాగో ఇదీ అలాంటి చదువే. మనిషి ఎవరితో మాట్లాడుతూ ఎవరికి వినిపిస్తాడు, ఊరంతా ఒక పుకారుని ఎందుకు నమ్ముతుంది, అదే ఊరు నిజం చెబితే ఎందుకు నమ్మదు, నోరు మూసుకుని కూర్చున్నవాడు ఏం చెబుతున్నాడు, ఇవీ మా పాఠాలు. ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుందని అందరూ అడుగుతారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ జవాబు చెబుతూనే ఉన్నాను గానీ, ఒక్కసారి కూడా నాకే తృప్తి కలిగేలా చెప్పలేకపోయాను. అందుకేనేమో నాకు కుదురు లేదు. క్లాసులో కుర్చీలో కూర్చోను, స్టాఫ్ రూములో కూర్చుంటే కాలు ఊపుతాను. "నీ అరికాళ్ళ కింద ఎవరు నిప్పులు పోశారే" అనేది మా అమ్మ.

ఆ ఏడు మొదటి సంవత్సరం వాళ్ళకి ఫీల్డ్ అబ్జర్వేషన్ ఇచ్చాను. అంటే పుస్తకం మూసేసి, ఏదో ఒక చోట కూర్చుని, అక్కడ మాటలు ఎలా నడుస్తాయో గమనించి, వచ్చి క్లాసులో నోటితో చెప్పడం. ఒకడు ఎరువుల కొట్టు ఎంచుకున్నాడు. ఒకమ్మాయి బస్టాండులో కండక్టర్ల కేకలు గమనించింది. పర్వాలేదు, బాగానే చెప్పారు. తర్వాత రెంటచింతల నుంచి వచ్చే లూర్దు మేరీ లేచింది. చామనఛాయ పిల్ల. ఎప్పుడూ ఆఖరి బెంచీలో కూర్చుని, మాట్లాడేవాళ్ళ మొహాల కంటే వినేవాళ్ళ మొహాలు చూస్తూ ఉంటుంది. ఆ ఒక్క అలవాటు చూసే ఈ పిల్ల మా చదువుకే పుట్టిందని నేను ముందే తేల్చుకున్నాను.

"మా నాన్నకీ నాకూ మాటలు లేవు మేడం. కానీ రోజూ మాట్లాడుకుంటాం" అని మొదలుపెట్టింది.

క్లాసంతా తలెత్తింది.

సంగతి ఇదీ. వాళ్ళ నాన్న రాయపరెడ్డి మిరప రైతు. కూతుర్ని గుంటూరులో నర్సింగు చదివించాలని ఆయన కోరిక. అక్కడ ఆయన అక్క కన్యాస్త్రీగా ఉంది, వాళ్ళ ఆసుపత్రిలోనే పిల్లకి దారి దొరుకుతుందని ఆశ. ఈ పిల్ల పట్టుబట్టి మా దగ్గర చేరింది. చేరిన రోజు నుంచి ఆయన మాట మానేశాడు. మా వైపు ఇది కొత్తేం కాదు. అన్నదమ్ములు, తోడికోడళ్ళు, పక్కపక్క చేలవాళ్ళు మాటలు మానుకుని ఏళ్ళకేళ్ళు ఉంటారు. కానీ ఒకే ఇంట్లో ఉంటూ మాట మానితే రోజు గడిచేదెలా? దానికీ ఒక పద్ధతి ఉంది.

"మా నాన్న బర్రెతో చెప్తాడు మేడం. దాని పేరు రాణి. నేను వాకిలి ఊడుస్తంటే కొట్టంలోకి పోయి, 'ఏమే రాణీ, రేపు పొద్దున మాచర్ల బస్సు రాదంట. పోయేవోళ్ళుంటే పెందలాడే ఆటోకి పోవాల' అంటాడు. నేను కూడా రాణికే చెప్తా. 'ఏమే రాణీ, నువ్వేం దిగులు పడమాక, రేపు నాకు సెలవే' అని."

క్లాసు పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఒక్కొక్కళ్ళూ బయటపడ్డారు. మా నాయనమ్మ కుక్కకి చెబుతుందని ఒకరు, మా బాబాయి గోడ గడియారానికి చెబుతాడని ఒకరు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం కాదు ఇది. కోపం ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది, కబురు మాత్రం చేరాల్సిన చోటికి చేరుతుంది. మా సబ్జెక్టులో ఒకరి పేరు పెట్టి పిలిచి చెబితే వాళ్ళని అడ్రెసీ అంటాం, ఎవరి చెవిన పడాలని చెబుతామో వాళ్ళని ఆడియన్స్ అంటాం. ఇద్దరూ ఒకరే కానక్కర్లేదని చెప్పడానికి నేను ఎప్పుడూ ఏ రాజకీయ సభనో ఉదాహరణగా తెచ్చేదాన్ని. ఈ పిల్ల గేదెని తెచ్చింది.

లూర్దు నవ్వులు ఆగేదాకా నిలబడి, చివర్లో చెప్పింది. "చర్చిలో పాపసంకీర్తనం చేసేటప్పుడు, అంటే మన తప్పులు ఫాదరుకి చెప్పుకునేటప్పుడు కూడా, మధ్యలో తెర ఉండి ఆయన మొహం మనకి కనపడదు మేడం. మొహం కనపడకపోతేనే కొన్ని మాటలు వస్తయ్యి. మా నాన్న నా మీద కోపం మానలా. నన్ను వదిలిపెట్టనూ లేదు. ఆ రెండూ ఒకేసారి చెప్పాలంటే ఆయనకి బర్రె కావాల్సి వచ్చింది."

ఎవరూ నవ్వలేదు. నేను కళ్ళు తుడుచుకున్నాను. నా సర్వీసులో అలాంటి ప్రెజెంటేషన్ వినలేదు, ఆ రోజు నేను ఇంటికి గాల్లో తేలుతూ వెళ్ళాను.

తర్వాతి వారం లూర్దు కాలేజీకి రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు.

అదే ఊరి కుర్రాడు సైదులు మా క్లాసులోనే ఉన్నాడు. వాణ్ణి పిలిచి అడిగితే నేల చూపులు చూశాడు. గట్టిగా అడిగాక కక్కాడు. ఊళ్ళో టీ కొట్టు దగ్గర కూర్చుని, "లూర్దు వాళ్ళ నాయన బర్రెతో కబుర్లు చెప్తాడంట, క్లాసులో నవ్వలేక సచ్చాం" అన్నాడట. అంతే. అది ఊరు చుట్టి వచ్చింది. మర్నాటి నుంచి రాయపరెడ్డి టీ కొట్టుకి పోతే చాలు, "ఏం రాయపరెడ్డీ, రాణి ఏమంటంది ఇయ్యాల?" అని పలకరింపులు.

"నేను ఊరికే సరదాకి అన్నా మేడం" అన్నాడు సైదులు.

"సరదాకన్నా సగమే ఎందుకన్నావురా? ఆ పిల్ల చివర్లో చెప్పింది ఏమైంది?"

"అది గుర్తులేదు మేడం. నవ్వొచ్చిందే గుర్తుంది."

వాణ్ణి కొట్టాలనిపించింది. కానీ వాడు చేసింది మా పుస్తకంలో ఉన్నదే. మాట చేతులు మారేకొద్దీ బరువున్న భాగం రాలిపోతుంది, తేలికైనదే ప్రయాణం చేస్తుంది. ఏడాదంతా అదే పాఠం చెప్పి, అది నా క్లాసు నుంచే జరిగితే బిత్తరపోయి నిలబడ్డాను.

లూర్దుకి ఫోన్ చేశాను. "సోమవారం మా నాన్న వచ్చి టీసీ తీసుకుంటాడంట మేడం. నర్సింగులో చేరుస్తాడంట. అమ్మ చెప్పింది."

"నీకేం ఇష్టం?"

"నాకిదే చదవాలనుంది. కానీ అది కాదు మేడం. ఆయన రాణితో కూడా మాట్లాడటం మానేశాడు. పోతాడు, పాలు పిండుకుంటాడు, గమ్మున లేసి వస్తాడు. ఇంట్లో శబ్దమే లేదు. ఇట్టా ఉంటే నేను ఏ చదువు చదివినా ఒకటే. నాకు తలకెక్కదు."

ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. ఇంతకు ముందు కోపమైనా వినపడేది, ఇప్పుడు అదీ లేదు. ప్రిన్సిపాల్ గారికి చెబితే, "పోతే పోనివ్వండి మేడం, ఎలాగూ వచ్చే ఏడు మీ సబ్జెక్టుని స్పోకెన్ ఇంగ్లీషులో కలిపేద్దామనుకుంటున్నాం" అన్నారు. "తలుపు మీద ఇప్పటికే కలిపారుగా, ఇంక కలపడానికేముంది" అని బయటికొచ్చాను.

ఆదివారం రెంటచింతల బయల్దేరాను. జూన్ వచ్చినా రోహిణి కార్తె ఎండ దిగలేదు. బస్సు కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి కాలింది. దారి పొడవునా ఆయనకి ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఒక ఉపన్యాసం తయారుచేసి, కాదని కొట్టేసి, ఇంకొకటి మొదలుపెట్టి, పక్కనున్న పెద్దావిడ "ఏమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడిగేదాకా నా పెదాలు కదులుతున్నాయని నాకే తెలియలేదు.

వాళ్ళు పూజ ముగించుకుని చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు. వసారాలో లూర్దుమాత పటం, దాని కింద నులక మంచం. ఎదురుగా రేకుల కొట్టంలో రాణి, పక్కన దూడ. రాయపరెడ్డి తెల్ల చొక్కా విప్పి దండెం మీద వేస్తూ నన్ను చూసి గబగబా మళ్ళీ తొడుక్కున్నాడు.

"రండి మేడంగారూ, రండి. ఎండన పడి వచ్చారే. ఏమే, మేడంగారికి మజ్జిగ తే."

ఆయన భార్య జ్ఞానమ్మ మజ్జిగ తెచ్చి, నా మొహం కేసి ఆశగా చూసి లోపలికి పోయింది. లూర్దు తలుపు చాటున ఉంది. నేను మజ్జిగ గటగటా తాగి, తయారుచేసుకున్న ఉపన్యాసం అందుకున్నాను. పత్రికలు, టీవీలు, కంపెనీలు, ప్రభుత్వ శాఖలు, చివరికి ఆసుపత్రుల్లో రోగుల బంధువులతో మాట్లాడే ఉద్యోగాల దాకా వచ్చాను.

"ఆస్పత్రిలోనే పనైతే నర్సింగు చదవచ్చు గదా మేడంగారూ" అన్నాడాయన నెమ్మదిగా.

లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, "ఉద్యోగం కోసమే కాదండీ ఈ చదువు. మనిషికీ మనిషికీ మధ్య మాట ఎట్లా అతుకుతుందో, ఎందుకు తెగుతుందో తెలుసుకునే చదువు" అన్నాను.

"తెగేది బాగానే నేర్చుకుంది." ఆయన గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "నా మీద కోపముంటే నన్నే అనమనండి. అమ్మతో అనమనండి. గడప లోపల మాట తీసకపోయి పదిమందిలో పెట్టి నవ్వించింది. నేను మొండోణ్ణే, కాదన్నానా? టీ కొట్టు కాడ చిన్న పిల్లోళ్ళు కూడా నా బర్రె క్షేమం అడుగుతన్నారు. చానా సిగ్గుగా ఉంది మేడంగారూ. ఆ కొట్టంలోకి పోవాలంటేనే సిగ్గుగా ఉంది."

ఆయన అడుగుతున్నది ఉద్యోగం గురించి కాదు. సైదులు సగమే చెప్పాడని చెప్పబోయాను, గానీ నేను చెబితే అది టీచరు తన స్టూడెంటుని వెనకేసుకొచ్చినట్టే ఉంటుంది. గ్లాసు ఇటు తిప్పి అటు తిప్పి కూర్చున్నాను. ఎండకి రేకులు టపటపమంటున్నాయి.

అప్పుడు లూర్దు తలుపు చాటు నుంచి బయటికొచ్చింది. మా ఇద్దరి వైపూ చూడలేదు. కుడితి బక్కెట్టు తీసుకుని సరాసరి కొట్టంలోకి పోయి రాణి ముందు పెట్టింది. దాని మెడ మీద చెయ్యేసి మొదలుపెట్టింది.

"ఏమే రాణీ, నేను క్లాసులో ఏం చెప్పానో నీకు చెప్పలేదు గదా. విను."

మొత్తం చెప్పింది. బస్సు సంగతి, సెలవు సంగతి, అందరూ నవ్విన సంగతి, ఏదీ దాచలేదు. పాపసంకీర్తనం గురించి చెప్పింది. "మా నాన్న కోపం మానలా, నన్ను వదిలిపెట్టనూ లేదు అని చెప్పా రాణీ. అప్పుడు ఎవరూ నవ్వలా. మేడం కళ్ళు తుడుచుకుంది. మా నాన్నని నలుగురిలో పెట్టింది నవ్వటానికి కాదే. ఆయన కోపంలో కూడా నా బస్సు మర్చిపోడని చెప్పుకోటానికి. ముందు నిన్నడగాల్సింది. ఆయన్నడగాల్సింది. అడగలా. అది నా తప్పే."

రాయపరెడ్డి కొట్టానికి వీపు పెట్టి కూర్చున్నాడు. నులక తాడు ఊడిన చోట వేలితో తోస్తూ ఉన్నాడు. పిల్ల చెప్పడం ముగించినా తల తిప్పలేదు. లేచి, తుండుగుడ్డ భుజాన వేసుకుని, "మేడంగారికి అన్నం పెట్టి పంపించండి" అని ఎవరికో చెప్పి బయటికి పోయాడు. సాయంత్రం బస్సు దాకా తిరిగి రాలేదు. జ్ఞానమ్మ పెట్టిన అన్నం నేను కెలికి వదిలేశాను. బస్సెక్కేటప్పుడు లూర్దు, "పర్లేదు మేడం, మీరొచ్చారు, అది చాలు" అంది. నన్ను ఓదార్చడానికి అన్న మాట అది, నాకు తెలుసు.

సోమవారం పొద్దున మొదటి క్లాసు రెండో సంవత్సరం వాళ్ళది, అందులో ఏం చెప్పానో దేవుడికి తెలియాలి. వరండాలోకి వెళ్ళడం, గేటు వైపు చూడడం, లోపలికి రావడం. కాసేపటికి ఆఫీసు గుమస్తా వచ్చి, "మేడం, రెంటచింతల నుంచి టీసీకి వచ్చారు" అన్నాడు. చేతిలో సుద్దముక్క కూడా పారేయకుండా పరిగెత్తాను.

రాయపరెడ్డి కౌంటరు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "టీసీ అని నేనన్లా మేడంగారూ. బీఏ పిల్ల తండ్రినంటే ఆయనే రాసేసుకున్నాడు. మీతో ఒక మాటుంది."

నా గదిలోకి తీసుకొచ్చాను. తలుపు మీద స్పోకెన్ ఇంగ్లీష్ అన్నది కూడబలుక్కుని చదివి, ఏమీ అనకుండా లోపలికొచ్చి కూర్చున్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పాల మీరు. నిన్న ఆ పిల్ల బర్రెతో చెప్పిందే, వదిలిపెట్టలా అని. అది క్లాసులో నిజంగానే చెప్పిందా? లేకపోతే నిన్న నా కోసం కలిపిందా?"

"క్లాసులోనే చెప్పింది. ఆ మాటకి ఒక్కరూ నవ్వలేదు."

"మరి సైదులు అది అన్లేదే?"

"వాడు మోయగలిగినంతే మోశాడు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కళ్ళు తుడుచుకోలేదు గానీ ముక్కు ఎగబీల్చాడు. తర్వాత ఏదో పనికిమాలిన సంగతి చెబుతున్నట్టు, "రాణిని రాత్రి మా చెల్లెలింటికి తోలేశా మేడంగారూ. పక్క బజారే. ఒట్టిపోయింది, ఊరికే మేపటం ఎందుకని" అన్నాడు.

"అయ్యో, మరి ఇంట్లో..."

"ఇంట్లో ఏముంది. పొద్దున బస్సు సంగతి చెప్పాల్సొచ్చింది. కొట్టం చూస్తే ఖాళీ. ఎవరికి చెప్పేది? ఆ పిల్లకే చెప్పా." లేచి నిలబడ్డాడు. "నర్సింగు చదివితే బాగుండేదని ఇప్పటికీ అంటా. అది వేరే సంగతి. చదవనీండి."

వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయాడు. చదువు గొప్పదని ఆయన ఒప్పుకోలేదు, నేనూ ఒప్పించలేదు. అయినా ఆ రోజంతా నా కాలు ఊగలేదు.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకి ఫీల్డ్ అబ్జర్వేషన్ ఇచ్చే ముందు నేను మొదట చెప్పేది ఒక్కటే. ఎవరి మాట తెస్తున్నారో వాళ్ళని ముందు అడిగి తీసుకురండి. మాట దొరికింది కదా అని ఎత్తుకురాకండి, అది ఎవరిదో ఒకరిది. తెచ్చాక దాన్ని సగం చేసి మోయకండి. సైదులు కూడా ఆ ఏడు పరీక్షలో ఈ ప్రశ్నకి చక్కగా రాశాడు, రాయక చస్తాడా! నా తలుపు మీద బోర్డు మాత్రం ఇంకా స్పోకెన్ ఇంగ్లీషే. మార్చమని అడుగుతూనే ఉన్నాను.

ఆ సోమవారం మధ్యాహ్నం లూర్దు క్లాసు అయ్యాక నా గదికి వచ్చింది. "రాణి ఒట్టిపోయిందటగా, పాపం" అన్నాను.

"ఒట్టిపోవటమేంది మేడం!" అని కళ్ళు పెద్దవి చేసింది. "ఈని ఇంకా నెల కూడా కాలేదు. దూడతో సహా తోలేశాడు. పాలిచ్చే బర్రెని ఎవరన్నా పంపిస్తారా అని మా అమ్మ పొద్దుటి నుంచీ ఒకటే గోల."

నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. "మీ నాన్న పొద్దున ఏమన్నాడు?"

"బస్సు వచ్చే టైమయింది, అన్నం తిని పో, అన్నాడు మేడం."

"నువ్వేమన్నావు?"

"అలవాటు కొద్దీ కొట్టం వైపు తిరిగా, రాణికి చెప్దామని. అక్కడ కట్టుకొయ్య ఒక్కటే ఉంది." లూర్దు బ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఇంకేం చేస్తా మేడం, ఆయన వైపే తిరిగా."